తెగిన నరం మోడల్: పని ఎంతవరకు వచ్చిందంటే

జూలై, మొదటి వారం

ఈ ఏడాది జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకి మా బడి నుంచి అగ్నిపర్వతం వద్దు, సోలార్ కుక్కర్ అసలే వద్దు అని పిల్లలకి ముందే చెప్పేశాను. మాది చీమకుర్తి దగ్గర బడి. పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు క్వారీలోనో పాలిషింగ్ ఫ్యాక్టరీలోనో పనిచేస్తారు. చేతులు తెగడం ఇక్కడ కొత్తేం కాదు. పదో తరగతి అమ్మాయి ఒకామె వాళ్ల నాన్నకి వేసవిలో గ్రానైట్ పలక అంచు తగిలి మణికట్టు దగ్గర అల్నార్ నరం తెగింది. చిటికెన వేలికీ, ఉంగరపు వేలిలో సగానికీ స్పర్శనిచ్చేది అదే. ఒంగోల్లో ఆపరేషన్ చేసి నరం కలిపారు. కలిపినా చిటికెన వేలు మొద్దుగానే ఉంది.

"వైరు తెగితే కలిపి టేపు చుడితే లైటు వెలుగుద్ది గదా టీచర్. మరి నరం కలిపినా ఎందుకు పనిచెయ్యట్లా?" అని ఆ పిల్ల అడిగింది.

ఇదే ప్రాజెక్టు అన్నాను. ఆ అమ్మాయి, ఇంట్లో రేడియోలూ స్టెబిలైజర్లూ విప్పదీసే పిచ్చి ఉన్న తొమ్మిదో తరగతి కుర్రాడొకడు, నేను. ముగ్గురం.

ముందు మోడల్‌లో ఏం చూపించాలో నల్లబల్ల మీద రాసుకున్నాం. నాడీకణం శరీరం వెన్ను దగ్గర ఉంటుంది. అక్కణ్ణుంచి అక్షతంతువు అనే సన్నటి పోగు వేలి కొసదాకా ఒక్క ముక్కగా వస్తుంది. కాలికైతే దాని పొడవు మీటరు దాకా ఉంటుంది. మధ్యలో తెగితే వెన్ను వైపు ముక్క బతుకుతుంది, వేలి వైపు ముక్క మొత్తం చస్తుంది. డాక్టరు కుట్టేది పైన ఉన్న తొడుగుల్ని. లోపలి తంతువులు అతుక్కోవు. వేలి వైపు ఉన్న పాత తంతువు ముక్కలై, ఆ చెత్త తొలగిపోయి, ఖాళీ అయిన గొట్టంలో వెన్ను వైపు నుంచి కొత్త తంతువు పెరుగుతూ రావాలి. సుమారుగా రోజుకి 1 మిల్లీమీటరు.

ప్రదర్శనల్లో నరం మోడళ్లు చాలా చూశాను. థర్మోకోల్ మీద న్యూరాన్ అతికిస్తారు, ఎల్ఈడీలు వెలిగిస్తారు. తెగడం చూపించేవాళ్లు తక్కువ. తెగాక శుభ్రం చేసే పనిని చూపించినవాళ్లు నాకైతే తగల్లేదు. నాకు కావాల్సింది అదే. నరం తిరిగి వస్తుందా రాదా అన్నది చాలావరకు ఆ ఊడ్చే పని మీదే ఆధారపడుతుంది.

జూలై చివర

మోడల్ మొదలుపెట్టేముందు అసలు నరం ఒకటి కళ్లతో చూడాలన్నారు పిల్లలు. చికెన్ కొట్టుకి వెళ్లి అప్పుడే కోసిన కోడి తొడ తెచ్చాం. కండరాల మధ్య తెల్లగా మెరుస్తూ పురికొసంత లావున కనిపించేదే సయాటిక్ నరం, కాలికి వెళ్లే పెద్ద నరం. మెడికల్ షాపులో కొన్న సెలైన్ నీళ్లలో చిన్న ముక్క వేసి, రెండు సూదులతో పోగులు విడదీశాం. ఇక్కడ ఓపిక కావాలి. తొందరపడితే ముద్ద తప్ప ఏమీ మిగలదు. అమ్మాయి చెయ్యి నెమ్మది, ఆమే తీసింది.

బడి మైక్రోస్కోపులో 400 రెట్లకి పెట్టి వెలుతురు బాగా తగ్గిస్తే తంతువులు విడివిడిగా కనపడ్డాయి. ఒక్కో తంతువుకి రెండు వైపులా జంట గీత. ఆ గీత మైలిన్ తొడుగు. ష్వాన్ కణాలు అక్షతంతువు చుట్టూ పొరలు పొరలుగా చుట్టుకుని చేసే కొవ్వు తొడుగు అది. వెతగ్గా వెతగ్గా రెండు చోట్ల తొడుగు నొక్కుకుపోయి తెగినట్టున్న జాగా దొరికింది. రాన్వియర్ కణుపు. ఎన్నేళ్లుగానో బొమ్మ గీసి చెబుతున్నాను, కళ్లతో చూడటం నాకూ ఇదే మొదలు.

మిగిలిన ముక్కని సెలైన్‌లోనే వదిలేసి మర్నాడు చూస్తే మైలిన్ ఉబ్బి, బుడగలు బుడగలుగా విడిపోయింది. "ఇదిగో టీచర్, నరం క్షీణించింది!" అని కుర్రాడు ఎగిరాడు. అది కుళ్లడం. బతికున్న ఒంట్లో తెగిన నరానికి జరిగేది వేరు. అక్కడ చుట్టూ ఉన్న ష్వాన్ కణాలు బతికే ఉంటాయి, పని చేస్తూ ఉంటాయి. మన గాజు పలక మీద ఊడ్చేవాడు లేడు. ఈ తేడా పిల్లలకి బాగా ఎక్కింది. ప్రదర్శనలో ఎవరైనా ఆ స్లైడు చూసి ఇదేనా అని అడిగితే కాదని చెప్పాలని ఇద్దరి చేతా రాయించాను.

బతికున్న జంతువు నరం కోసి చూపించే ఆలోచన మాత్రం మొదటి రోజే కొట్టేశాం. ఆ పని ఆగస్టస్ వాలర్ ఎప్పుడో చేసిపెట్టాడు. లండన్ కెన్సింగ్టన్‌లో ప్రాక్టీసు పెట్టుకున్న ఇంగ్లీషు డాక్టరు. 1850లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది ఆయన వ్యాసం. కప్ప నాలుకని ఎంచుకోవడంలోనే ఉంది ఆయన తెలివి. నాలుక పల్చన, మైక్రోస్కోపు కింద పరిస్తే లోపలి నరాలు కనిపిస్తాయి. ఒక వైపు నరం కోసి, రెండో వైపుని పోల్చుకోవడానికి అట్లాగే వదిలేశాడు. కోసిన వైపు, కోతకి అవతల ఉన్న తంతువుల్లో మైలిన్ విరిగి ముక్కలైంది. మెదడు వైపు భాగం బాగానే ఉంది. దీన్నిబట్టి తంతువుకి పోషణ కణం శరీరం నుంచే వస్తుందని ఆయన తేల్చాడు. ఈ క్షీణతని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

కోడి గురించి ఇంకో సంగతి. పురుగుమందుల్లో వాడే ఆర్గానోఫాస్ఫేట్ జాతి రసాయనాలు కొన్ని ఒంట్లోకి వెళితే, ఆ విషం నుంచి తేరుకున్నాక కూడా రెండు మూడు వారాలకి కాళ్లు పడిపోతాయి. పొడవాటి తంతువులు కొసల నుంచి క్షీణిస్తాయి. అలాంటి హాని ఉందా అని పరీక్షించేది పెద్ద కోడిపెట్టల మీదే, ఎందుకంటే ఎలకల్లో ఆ లక్షణాలు సరిగా బయటపడవు. మిరప చేలకి మందు కొట్టే ఊళ్లలో ఉంటూ ఈ విషయం తెలియకపోవడం బాగుండదని క్లాసులో కూడా చెప్పాను.

ఆగస్టు, మొదటి పక్షం

అక్షతంతువుని దేనితో చెయ్యాలి? అమ్మాయి వాళ్ల నాన్న క్వారీలో పారేసిన డైమండ్ వైరు ముక్క పంపించాడు. రాయిని కోసే వైర్ సా తాడది. ఉక్కు తాడు మీద రెండు మూడు సెంటీమీటర్లకో పూస. చూడగానే మైలిన్ తొడిగిన తంతువే అనిపిస్తుంది, పిల్లలు దాన్ని వదలనన్నారు.

లెక్క వేయించాను. పెద్ద తంతువులో ఒక కణుపుకీ ఇంకో కణుపుకీ మధ్య 1 మిల్లీమీటరు దాకా ఉంటుంది. కణుపు ఖాళీ మాత్రం దాదాపు 1 మైక్రోమీటరు. అంటే తొడుగు పొడవు 1 మీటరు చేస్తే ఖాళీ 1 మిల్లీమీటరు ఉండాలి. వైరులో పూస పొట్టి, ఖాళీ పొడుగు. పైగా ఆ తాడు విరగదు. మాకు కావాల్సిందే విరగడం. దాన్ని బల్ల ముందు వేలాడదీసి, పక్కన "కొలతలు తలకిందులు" అని చీటీ పెట్టడానికి ఒప్పుకున్నారు.

చివరికి కుర్రాడు చెప్పిందే ఖాయం చేశాం. పాత స్టెబిలైజర్ల నుంచి 12 వోల్టుల రిలేలు, అంటే కరెంటు ఇస్తే అయస్కాంతంతో పనిచేసే స్విచ్చులు పీకి, వాటి పైరేకు తీసేస్తే ఒక్కోటీ చిన్న విద్యుదయస్కాంతం. నాలుగిటిని పీవీసీ కేసింగ్ పట్టీ పైన వరసగా తలకిందులుగా బిగించాం. ఒక్కోదానికి ఒక మేకు ముక్క అంటుకుని ఉంటుంది. నాలుగు ముక్కలు కొసకి కొస కలిసి అక్షతంతువు. కరెంటు ఉన్నంతసేపు తంతువు నిలుస్తుంది, పోతే ముక్కలై కింద పట్టీలో పడుతుంది. పట్టీ ఏమో ష్వాన్ కణాల చుట్టూ ఉండే పొర గొట్టం. తంతువు చచ్చినా ఆ గొట్టం మిగులుతుంది.

ఆగస్టు చివర, సెప్టెంబరు

ఈ భాగమే అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నది. రాసేదీ ఎక్కువే.

ఎడమవైపు డబ్బా కణం శరీరం. అందులో 12 వోల్టుల అడాప్టర్. అక్కణ్ణుంచి ఒక వైరు, దాని మధ్యలో క్రొకడైల్ క్లిప్పు. క్లిప్పు తీస్తే నరం తెగినట్టు. మామూలుగా అయితే క్లిప్పు తియ్యగానే ముక్కలు టపటపా రాలిపోతాయి. రాలిపోయాయి కూడా. కుర్రాడు అయిపోయిందనుకున్నాడు.

అది తప్పు కథ. తెగిన వెంటనే అవతలి ముక్క చావదు. ఎలకల్లో దాదాపు ఒకటిన్నర రోజు పైకి ఏమీ కనపడదు, తర్వాత ఒక్కసారిగా ముక్కలవుతుంది. మనుషుల్లో ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. తెగిన చోటుకి కింద నరానికి కరెంటు ఇస్తే కండరం కదలడం 5 నుంచి 7 రోజులదాకా ఉండొచ్చు, స్పర్శ సంకేతాలు 10 రోజుల దాకా కూడా వస్తాయి. దెబ్బ తగిలిన మర్నాడే నర్వ్ కండక్షన్ టెస్టు చేయిస్తే కింది భాగం బాగానే ఉందన్నట్టు చూపించేది ఇందుకే. పది రోజులు ఆగి చేయించమనడం, కండరంలో సూది పెట్టి చేసే ఈఎంజీకి మూడు వారాలు ఆగమనడం డాక్టర్లు ఊరికే చెప్పరు. ఇక్కడి జనానికి నేను మొట్టమొదట చెప్పాలనుకున్నది ఈ ఒక్క ముక్కే.

కాబట్టి తెగాక కాసేపు నిలబడాలి. 2.7 వోల్టుల 10 ఫారడ్ సూపర్ కెపాసిటర్లు ఆరు కొని వరసగా కలిపి అవతలి వైపు పెట్టాం. అది తంతువులో ఉండే శక్తి నిల్వ. ఇప్పుడు క్లిప్పు తీశాక ముక్కలు నాలుగు నిమిషాల దాకా వేలాడి, తర్వాత ఒక్కోటీ జారుతున్నాయి. పోషణ ఆగింది, ఆకలితో చచ్చింది. వాలర్ కాలం నుంచి 1980ల దాకా దాదాపు అందరూ అనుకున్నది ఇదే.

అదీ పూర్తి నిజం కాదని తెలిసింది ఒక ఎలక వల్ల. 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక జాతి ఎలకల్లో నరం కోస్తే అవతలి ముక్క రెండు మూడు వారాలు చెక్కు చెదరకుండా ఉంది. పోషణ లేకపోవడమే కారణమైతే ఆ ఎలకలోనూ ఒకటిన్నర రోజుకే చావాలి. అంటే మామూలు తంతువుకి అంత త్వరగా చావాల్సిన అవసరమేమీ లేదు. లోపల ఏదో దాన్ని చంపుతోంది. 2012లో ఈగల్లోనూ ఎలకల్లోనూ ఆ చంపేది దొరికింది, సార్మ్-1 అనే ప్రోటీన్. అది లేని ఎలకల్లోనూ తెగిన తంతువులు వారాల తరబడి నిలిచాయి. 2017 నాటికి అది చేసే పని కూడా తేలింది. కణంలో శక్తి వ్యవహారాలన్నిటికీ కావాల్సిన ఎన్ఏడీ అనే అణువుని అది ముక్కలు చేసేస్తుంది. ఉన్న నిల్వని తానే ఖాళీ చేసేస్తుంది. శక్తి పోయాక కాల్షియం లోపలికి పొంగుతుంది, కాల్షియంతో మేలుకునే కాల్పెయిన్ ఎంజైములు తంతువు లోపలి అస్థిపంజరాన్ని నరుకుతాయి.

మరి మామూలు రోజుల్లో సార్మ్-1 ఎందుకు ఊరుకుంటుంది? ఎన్ఎంనాట్-2 అనే ఇంకో ఎంజైము దాన్ని పట్టి ఉంచుతుంది. ఎన్ఎంఎన్ అనే పదార్థాన్ని ఎన్ఏడీగా మార్చడం దాని పని. అది కణం శరీరంలో తయారై తంతువు వెంట దిగుతూ ఉంటుంది. ఎక్కువసేపు నిలవదు, కొన్ని గంటల్లో విరిగిపోతుంది. కొత్తది వస్తూనే ఉండాలి. నరం తెగితే సరఫరా ఆగిపోతుంది, ఎన్ఎంఎన్ పేరుకుంటుంది, ఎన్ఏడీ తగ్గుతుంది, సార్మ్-1 లేస్తుంది. కణం శరీరం నుంచి ఇంకా కబురు వస్తోందా లేదా అని తంతువు తెలుసుకునే ఏర్పాటు ఇది.

ఇదంతా విని కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఇంకో రిలే కావాలి టీచర్" అన్నాడు.

వాడు కట్టింది ఇది. 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఒక బీసీ547 ట్రాన్సిస్టర్‌ని నడుపుతుంది. ఆ ట్రాన్సిస్టర్ ఐదో రిలేని పట్టి ఉంచుతుంది. ఆ రిలే వదిలేస్తే మూసుకునే కాంటాక్టుకి ఆటో బ్రేక్‌లైటు బల్బు, 12 వోల్టుల 21 వాట్లది, సూపర్ కెపాసిటర్లకి అడ్డంగా కట్టి ఉంది. చిన్న కెపాసిటర్ ఎన్ఎంనాట్-2. రిలేతో కలిపి బల్బు సార్మ్-1. క్లిప్పు తీశాక సుమారు ఒక నిమిషం ఏమీ కాదు. తర్వాత టక్ మని రిలే పడుతుంది, బల్బు భగ్గున వెలిగి నిల్వనంతా తాగేస్తుంది, పావు నిమిషం లోపు నాలుగు ముక్కలూ రాలిపోతాయి.

మొదట కట్టినప్పుడు నిమిషం దాటినా రిలే పడలేదు. సూపర్ కెపాసిటర్లలోంచి కరెంటు వెనక్కి వచ్చి చిన్న కెపాసిటర్‌ని నింపుతోంది. కరెంటుని ఒక్క వైపే పోనిచ్చే డయోడ్ రెండిటికీ వేరువేరుగా ఒక్కోటి పెడితే సరిపోయింది. ఇలాంటిది ఎవరైనా కట్టుకుంటే ఆ రెండు డయోడ్లు మర్చిపోవద్దు.

ఇందులో నాకు నచ్చింది, ఒకే బల్ల మీద మూడు ఎలకలూ ఉన్నాయి. ఏమీ ముట్టుకోకపోతే మామూలు ఎలక. బల్బు ఊడదీస్తే సార్మ్-1 లేని ఎలక, ముక్కలు నాలుగు నిమిషాల దాకా నిలుస్తాయి. అవతలి వైపు చిన్న కెపాసిటర్‌కి 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే ఆక్స్‌ఫర్డ్ ఎలక. దానిలో జన్యుమార్పు వల్ల అదే పని చేసే, త్వరగా విరగని ఎంజైము తంతువులోనే ఉంటుంది. చూసేవాళ్లే చేత్తో తీసి, పెట్టి తేల్చుకోవచ్చు.

ఎన్ఏడీ చెబుతుంటే పక్కకి పోయిన మాట ఒకటి. దాని తయారీకి కావాల్సిన ముడిసరుకుల్లో బీ3 విటమిన్ ఒకటి. ఆ విటమిన్‌లో ఒక రూపమైన నికోటినిక్ ఆమ్లాన్ని తొలిసారి చేసింది నికోటిన్‌ని ఆక్సీకరణం చేసి. వెంటనే వెనక బెంచీ నుంచి, "అయితే మా తాత చుట్ట నరాలకి మంచిదే గదా" అని వచ్చింది. పొగాకు పండించే జిల్లాలో పాఠం చెబితే ఇలాంటివి తప్పవు. నికోటిన్ వేరు, దాన్ని ల్యాబులో ఆమ్లంతో కాలిస్తే వచ్చేది వేరు, చుట్టలో జరిగేది అది కాదు అని చెప్పి ముగించాను. మరి బీ3 మాత్ర మింగితే తెగిన నరం బతుకుతుందా అన్న ప్రశ్న దానికన్నా మంచిది. అలాగని రుజువు కాలేదు. ఎన్ఎంఎన్ పేరుతోనూ మాత్రలు అమ్ముతున్నారు. పేరుకుపోతే సార్మ్-1ని లేపేది అదే. సీసా మీద "నరాల బలానికి" అని ఉంటే చాలని కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అక్టోబరు

ఇక ఊడ్చే పని.

ముక్కలు పట్టీలో పడి ఉన్నాయి. కొత్త తంతువుకి కర్టెన్ స్ప్రింగ్ తీసుకున్నాం. ఎడమ కొస నుంచి నెడితే మేకు ముక్కలకి తగిలి ఆగిపోతుంది. చూసేవాళ్ల చేతికి గుండ్రటి అయస్కాంతం ఇచ్చి ముక్కలు ఏరమంటాం. ఏరాక స్ప్రింగు నేరుగా వేలి దాకా పోతుంది. పిల్లలు దీన్ని ఆటలా ఆడుతున్నారు, చిన్న తరగతుల వాళ్లు లైను కడుతున్నారు.

అసలు నరంలో ఈ ఏరడం మొదలుపెట్టేది ష్వాన్ కణాలే, తంతువు చచ్చిన ఒకటి రెండు రోజుల్లో. అంతవరకూ మైలిన్ తయారు చేసిన కణం ఆ పని మానేసి, తాను చుట్టిన మైలిన్‌ని తానే ముక్కలు చేసి లోపలికి లాక్కుని జీర్ణం చేసుకుంటుంది. నాకు ఇందులో ఎప్పటికీ ఆశ్చర్యం పోనిది ఇదే. చెత్తలో మొదటి వారంలో పోయేదాంట్లో పెద్ద వాటా వాటిదే. అవే సీసీఎల్2 లాంటి రసాయన సంకేతాలు వదిలి రక్తంలోని మాక్రోఫేజ్‌లని పిలుస్తాయి. ఎలకల్లో రెండు మూడు రోజులకి అవి రావడం మొదలై, ఒకటి రెండు వారాలకి బాగా పోగవుతాయి. మిగిలింది అవి మింగుతాయి. ఆ తర్వాత ష్వాన్ కణాలు పెరిగి, ఖాళీ గొట్టంలో పొడుగ్గా బారులు తీరి, పెరుగుదలకి కావాల్సిన ప్రోటీన్లు వదులుతాయి. కొత్త తంతువు కొస ఆ బారుల వెంటే పాకుతుంది. ఆ బారులూ కలకాలం నిలవవు. నెలలు గడిచేకొద్దీ వాటి ఓపిక తగ్గుతుంది. కండరం కూడా ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం వచ్చినా సరిగా స్పందించదు. తెగిన నరాన్ని తొందరగా కలిపించుకోవాలనేది ఇందుకే.

అమ్మాయి వాళ్ల నాన్న బడికి వచ్చారు, మోడల్ చూడటానికి. అరచేతి మీద తట్టి చూపించారు. వేసవిలో మణికట్టు దగ్గర తడితే చిటికెన వేలికి జివ్వుమనేదట, ఇప్పుడు అరచేతి మధ్యకి వచ్చాక తడితే జివ్వుమంటోంది. పెరిగే కొస ఎక్కడుందో చెప్పే గుర్తు అది, టినెల్ అంటారు డాక్టర్లు. "వైరు కలిపినట్టు కాదమ్మా, మొక్క పెరిగినట్టు" అని కూతురితో ఆయనే అన్నారు. చీటీ మీద రాసుకుంటానంటే నవ్వారు.

పక్కనే రెండో పట్టీ పెట్టాం, వెన్నుపాముది. అక్కడ మేకు ముక్కల్ని పట్టీకి ఫెవిక్విక్ పెట్టి అతికించాం. అయస్కాంతం లాగినా రావు. స్ప్రింగు పోదు. వెన్నుపాములో, మెదడులో మైలిన్ తయారుచేసేవి ష్వాన్ కణాలు కావు, ఒలిగోడెండ్రోసైట్లు. అవి తమ చెత్తని తినవు. అక్కడ చెత్త మింగాల్సిన కణాలు మైక్రోగ్లియా, అవి నెమ్మదిగా కదులుతాయి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో మైలిన్ చెత్త ఏళ్ల తర్వాత కూడా మిగిలి ఉంటుంది.

ఈ రెండో పట్టీ దగ్గర మోడల్ సగమే నిజం చెబుతుంది. చెత్త దారిలో రాయిలా అడ్డుపడటం ఒక్కటే కాదు. ఆ మైలిన్‌లో నోగో-ఏ లాంటి ప్రోటీన్లు ఉంటాయి, అవి పెరిగే కొసని ఆగమంటాయి. ఆ ఆపడాన్ని మేకులతో ఎట్టా చూపించాలో మాకు తట్టలేదు. నోటితో చెప్పాలి, అంతే. దానికి తోడు చెప్పమని పిల్లలకి ఇచ్చిన ప్రయోగం ఒకటుంది. 1981లో మాంట్రియల్‌లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలక కాలి నరం ముక్కని వంతెనగా పెట్టి ఒక కొస మెదడు కాండంలో, ఇంకో కొస వెన్నుపాములో గుచ్చారు. పెరగవనుకున్న తంతువులు ఆ కాలి నరం లోపలికి వచ్చి సెంటీమీటర్ల దూరం పెరిగాయి. వెన్నుపాము తంతువుకి పెరిగే శక్తి లేక కాదు, దారి దొరక్క ఆగింది. మోడల్‌లో అదే స్ప్రింగుని రెండో పట్టీ నుంచి తీసి మొదటి పట్టీలో పెట్టి నెట్టి చూపిస్తాం.

నవంబరు

మండల స్థాయిలో చూపించాం, జిల్లాకి ఎంపికైంది. వచ్చిన మెప్పు కంటే వచ్చిన ప్రశ్నలే నా పుస్తకంలో ఎక్కువ రాసుకున్నాను. ఒకాయన బల్బు వెలగడం చూసి, తంతువు తనని తానే ఎందుకు చంపుకోవాలి, దానికి లాభమేంటని అడిగాడు. పాత తంతువు గొట్టంలో అట్లాగే కూర్చుంటే కొత్తదానికి దారి ఉండదు. ఆక్స్‌ఫర్డ్ ఎలకలో నరం తిరిగి పెరగడం ఆలస్యమైంది కూడా. పిల్ల 9 వోల్టుల బ్యాటరీ తగిలించి, వేలాడే ముక్కల కింద నుంచి స్ప్రింగు నెట్టి చూపించబోయింది. పట్టీ లోతు ఎక్కువై స్ప్రింగు కిందనుంచి హాయిగా వెళ్లిపోయింది. అందరూ నవ్వారు. జిల్లాకి వెళ్లేలోపు పట్టీ లోతు తగ్గించాలి, అడుగున ఫోమ్ షీట్ వేస్తే చాలు.

ఎక్కువమంది అడిగింది మాత్రం షుగరు గురించి. తెగకుండానే అరికాళ్లు తిమ్మిరెక్కి మొద్దుబారతాయి కదా, అది కూడా ఇదేనా అని. చాలావరకు చుట్టమే. అక్కడ ఒక్క దెబ్బ ఉండదు. ఏళ్ల తరబడి తంతువు ఇబ్బంది పడి, అన్నిటికన్నా దూరపు కొస ముందు రాలుతుంది, తర్వాత మెల్లగా వెనక్కి వస్తుంది. అందుకే ముందు కాలివేళ్లు, చాలాకాలానికి చేతివేళ్లు. విన్‌క్రిస్టిన్ లాంటి క్యాన్సర్ మందులతో వచ్చే తిమ్మిరీ ఇట్టాంటిదే, సార్మ్-1 లేని ఎలకలకి ఆ మందు ఇచ్చినా నరాలు నిలిచాయి. కుష్ఠులో ఇంకో రకం, అక్కడ బాక్టీరియా ఏకంగా ష్వాన్ కణంలోనే కాపురం పెడుతుంది. సార్మ్-1ని ఆపే మందుల కోసం కంపెనీలు వెతుకుతున్నాయి. తెగిన నరానికి కన్నా ఇలా మెల్లగా రాలే జబ్బులకే అవి ఎక్కువ పనికొస్తాయని నా అంచనా. తెగినదాన్ని ఎంతకాలం నిలిపినా కణం శరీరంతో మళ్లీ కలవదు. తెగనిదాన్ని నిలిపితే అది పనిచేస్తూనే ఉంటుంది.

మోడల్‌లో ఈ షుగరు కథకి చోటు లేదు. నాలుగు ముక్కలూ ఒకే నిల్వ మీద బతుకుతున్నాయి, దాదాపు ఒకేసారి పడతాయి. కొస నుంచి వెనక్కి రాలాలంటే ఒక్కో రిలేకి వేరే నిల్వ కావాలి, కణం శరీరానికి దూరమయ్యేకొద్దీ మధ్యలో రెసిస్టర్లు పెంచుకుంటూ పోవాలి. అప్పుడు అడాప్టర్ వోల్టేజీని మెల్లగా తగ్గిస్తే చివరి మేకు ముందు పడాలి. కుర్రాడు కాగితం మీద గీశాడు. రెసిస్టర్లు చవకే, సూపర్ కెపాసిటర్లు మాత్రం ఇంకో మూడు జతలు కావాలి, బడి డబ్బు అయిపోయింది. ప్రదర్శనలో ఉన్న జత విప్పి దీనికి వాడదామంటున్నాడు వాడు. జిల్లా అయ్యేదాకా దాని మీద చెయ్యి వెయ్యొద్దన్నాను. ఈలోగా మామూలు 4700 మైక్రోఫారడ్‌వే ఒక్కో రిలేకి ఒకటి పెట్టి, సెకన్లలో అయినా వరస కుదురుతుందేమో ఈ శనివారం చూస్తాం.